రెండు సూదుల కుట్టు

మూడో బంతి కూడా కిందికి దిగలేదు.

బళ్ళకి సీట్లు కుట్టే మేస్త్రి ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాడు. కూతురి డ్రాప్ బాల్ ఎలా దిగుతుందో అతనికి తెలిసినంతగా ఆ మైదానంలో ఇంకెవరికీ తెలియదు. రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే, తన షెడ్డు వెనక సందులో, బోర్లించిన పెయింటు బకెట్టు మీద కూర్చుని ఆ బంతి పట్టింది అతనే. సాఫ్ట్‌బాల్ అంటే మెత్తటి బంతి అనుకునే వాళ్ళెవరైనా ఉంటే సందులోకి పిలిచి ఒక్కటి పట్టించేవాడు. తర్వాత వాళ్ళు ఆ మాట అనేవాళ్ళు కాదు. పిల్ల చెయ్యి గిర్రున ఒక చుట్టు తిరిగి తొడ పక్కన బంతి వదులుతుంది. నలభై అడుగుల దూరం నుంచి నడుమెత్తున వస్తుంది. ఇక బ్యాటుకి తగిలినట్టే అనుకున్నప్పుడు, మెట్టు దిగినట్టు దిగిపోతుంది. బ్యాటు గాలిని కొడుతుంది. బంతి అతని మోకాలి మీదో పాదం మీదో పడుతుంది. అతని కాళ్ళ మీద ఉన్న నల్లమచ్చలన్నీ ఆ బంతి పెట్టినవే. వాటిని చూపించుకోవడం అతనికి సరదా.

ఇవాళ, జిల్లా జట్టు సెలక్షన్లో, బంతి మెట్టు దిగడం లేదు. తిన్నగా, నడుమెత్తున, పళ్ళెంలో పెట్టి అందించినట్టు వెళుతోంది. నాలుగోదాన్ని కొట్టిన పిల్ల కంచె దాటించింది. బంతి ఎగిరొచ్చి మేస్త్రి వెనక కాలవగట్టు మీద పడింది.

కూతురు అతని వైపు చూడలేదు. అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంది. చేతిలోని కొత్త బంతిని తిప్పి తిప్పి చూసుకుని వేళ్ళు సర్దుకుంది. ఆ సర్దుకోవడం అతనికి కొత్తగా అనిపించింది. ఇంటి దగ్గర ఆ పిల్ల బంతి వంక చూడను కూడా చూడదు.

సాయంత్రం నాలుగింటికి కోచ్ మేడం అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం చూసి పేర్లు చదివింది. పిచ్చర్లు, అంటే బంతి వేసేవాళ్ళు, ఇద్దరే. ఒకరు సిమెంటు షాపువాళ్ళ అమ్మాయి. రెండో పేరు ఎవరిదో పొడుగు పిల్లది. జిల్లా జట్టు లిస్టు అంతటితో అయిపోయింది.

"ఇంకో పేరు మర్చిపోయినట్టున్నారు," అన్నాడు మేస్త్రి.

"లేదు మేస్త్రి గారూ. ఇంతే."

"రెండేళ్ళు మీ దగ్గరే నేర్చుకుంది. పోయిన నెల స్కూలు మ్యాచిలో పదకొండు మందిని అవుట్ చేసింది. మీరే భుజం తట్టారు."

"తట్టాను. ఇవాళ బంతి పడలేదు. మీరూ చూశారుగా."

చూశాడు. చూసినందుకే అతనికి ఒళ్ళు మండింది. అయిదో తరగతితో బడి మానేసినప్పటి నుంచీ అతనికి ఒక సంగతి బాగా ఒంటబట్టింది. మంచిదేదైనా పంచేటప్పుడు తన వంతు వచ్చేసరికి గిన్నె బోర్లిస్తారు. రేషన్ కార్డు దగ్గర అదే, షెడ్డుకి కరెంటు మీటరు దగ్గర అదే. ఇక్కడ మాత్రం వేరే ఎందుకుంటుంది?

"సిమెంటు ఎన్ని బస్తాలు దిగాయి మేడం, మీ ఇంటికి?" అన్నాడు గట్టిగా. "మేడ మీద గది వేస్తున్నారంటగా!"

తల్లులు, తండ్రులు పాతిక మంది ఉంటారు. ఒకాయన కిసుక్కున నవ్వాడు. సిమెంటు షాపాయన వాటర్ బాటిల్ మూత పెట్టడం ఆపి ఇటు చూశాడు. కోచ్ మేడం కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

"మీ అమ్మాయి ఎదురుగా ఈ మాట అనకుండా ఉండాల్సింది," అంది. అంతే అని పిల్లల బ్యాట్లు సంచిలో సర్దడానికి వెళ్ళిపోయింది.

కూతురు అప్పటికే గేటు దగ్గరికి నడిచిపోయింది. మేస్త్రి కాలవగట్టు మీద పడి ఉన్న బంతి తీసి జేబులో కుక్కుకున్నాడు. ఇలాంటి నాసిరకం బంతులు పెట్టి పిల్ల నోట్లో మట్టి కొట్టారు, రేపు కోసి చూపిస్తాను, లోపల తవుడు కూరారో ఏం కూరారో అనుకున్నాడు. బంతి పట్టలేక జేబు కుట్టు పిగిలింది.

ఇంటికి వెళ్ళేసరికి మాట అతని కంటే ముందే చేరింది. భార్య లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఊళ్ళో ఎవరి చొక్కా నలిగినా, ఎవరి పరువు నలిగినా ఆవిడ బల్ల మీదికే వస్తుంది.

"బళ్ళన్నిటికీ సీట్లు వేస్తారు కదా," అంది చెప్పులు విప్పుతూ. "మీ నోటికి బ్రేకులు వేసే షెడ్డేదైనా ఉంటే కనుక్కోండి, నేను తీసుకెళతాను."

"నీ కూతురికి అన్యాయం జరిగితే నీకు హాస్యంగా ఉందా?"

"అన్యాయమో కాదో నాకేం తెలుసు? బుల్లి ఏదీ?"

బుల్లి లోపల గోడకి తిరిగి పడుకుంది. నిద్రపోలేదు. బొటనవేలితో చూపుడువేలి కొసని అదేపనిగా రుద్దుకుంటోంది.

దీపాలు పెట్టే వేళకి బేకరీ యజమాని షెడ్డుకి వచ్చాడు. వాళ్ళ అమ్మాయి ఫీల్డింగు చేస్తుంది, ఆ పిల్ల పేరూ లిస్టులో లేదు. ఆయన తల్లిదండ్రుల కమిటీలో మనిషి కూడా. చేతిలో టైపు చేయించిన కాగితం ఉంది.

"నువ్వన్న మాట నూటికి నూరుపాళ్ళు రాయించాను మేస్త్రీ," అన్నాడు. "సోమవారం పదకొండింటికి జిల్లా క్రీడల ఆఫీసులో ఇస్తాం. సెలక్షన్ రద్దు చేసి, ఆ మేడంని ఇక్కణ్ణుంచి పంపించేసి, నెల తిరక్కుండా మళ్ళీ పెడతారు. ఆఫీసరు మనవాడే. మొదటి సంతకం నీది. సిమెంటు దిగడం చూసింది నువ్వే కదా."

"చూడటం అంటే... అన్నాను."

"అంతమందిలో అన్నావు. చూడకుండా అంటావా?"

చూడకుండా అన్నాను అంటే రేపటి నుంచి ఈ వీధిలో తన మాటకి విలువేముంది? మేస్త్రి రెక్సిన్ కత్తిరించే బల్ల మీద కాగితం పరిచి, చదవకుండానే, నాలుక పంటి కింద పెట్టుకుని, ఒక్కో అక్షరమూ చెక్కినట్టు సంతకం పెట్టాడు. బేకరీ ఆయన ఆ సంతకం మీద ఉఫ్ మని ఊది కాగితం మడిచాడు.

శనివారం పొద్దున ఒక ఆటో సీటు ఉంది. పాత తొడుగు పీకి, కుంగిన చోట ఫోము ముక్క పెట్టి, కొత్త రెక్సిన్ లాగి మేకులు కొట్టాడు. ఆ పని అయ్యాక బంతి బల్ల మీద పెట్టి, ఫోము కోసే పొడుగు కత్తి తీశాడు. కత్తి ఎక్కడ దించాలో చూసుకోవడానికి బొటనవేలితో కుట్టు వెంట రాశాడు.

వేలు ఎక్కడా ఆగలేదు.

మళ్ళీ రాశాడు. జారిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా కుట్ల మీద తిరిగిన వేలు అది. చీకట్లో రాసినా మిషను కుట్టో చేతి కుట్టో, దారం రెండు పేటలో మూడు పేటలో చెప్పేస్తుంది. ఈ కొత్త బంతి కుట్టు సన్నగా, తోలులోకి దిగిపోయి ఉంది. మేస్త్రి కత్తి కింద పెట్టాడు. గోనెసంచిలోంచి తన బంతి ఒకటి తీశాడు.

తన బంతి అంటే తను కుట్టింది. స్కూల్లో కుట్లూడిపోయాయని పారేయబోయిన బంతులు ముప్ఫై పైచిలుకు అడిగి తెచ్చుకున్నాడు. ఒక్కో బంతికీ రెండు తోలు ముక్కలు, ఒక్కో ముక్క అంచున ఎనభై ఎనిమిది చిల్లులు. మిషను మీద కుదిరే పని కాదు. దారం రెండు కొసలకీ రెండు వంపు సూదులు కట్టి, ఇటొకటి అటొకటి దూర్చి, ప్రతి కుట్టుకీ బిగలాగాలి. సాయంత్రం షెడ్డు మూసే ముందు పిల్ల దారానికి మైనం రాసి ఇస్తుంది. బంతి పిగలకూడదని అతను సీట్లకి వాడే లావుపాటి నైలాన్ దారాన్ని, అదీ జంటగా వేసి కుట్టాడు. బండి మీద ఇద్దరు కూర్చున్నా తెగని దారం. స్కూల్లో మ్యాచిలు ఆడించేది కూడా వాటితోనే. అతని బంతులు పిగిలింది లేదు. వచ్చిన ప్రతి ఖాతాదారుకీ చేతిలో పెట్టి, "లాగి చూడండి," అనేవాడు.

ఇప్పుడు తనే బొటనవేలు రాశాడు. వేలు ప్రతి కుట్టు దగ్గరా తట్టుకుంది. తోలు మీద గట్టు కట్టినట్టు లేచి ఉంది. వేలికి పట్టు దొరుకుతుంది, గాలికీ పట్టు దొరుకుతుంది, అందుకే బంతి దిగుతుంది. పిల్ల వేళ్ళు రెండేళ్ళుగా నేర్చుకున్నది బంతిని కాదు, తన కుట్టుని.

అతను చెరో చేత్తో చెరో బంతి పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఆటోవాడు వచ్చి సీటు బిగించుకుంటూ, "ఏంటి మేస్త్రీ, రెండు బంతులూ పట్టుకుని తూకం వేస్తున్నావా?" అన్నాడు. అతను రెండు బంతులూ గోనెసంచిలో వేశాడు.

మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చిన కూతుర్ని సందులోకి పిలిచి బకెట్టు మీద కూర్చున్నాడు.

"ముందు ఇది వెయ్యి," అని తన బంతి ఇచ్చాడు. అది వచ్చి మెట్టు దిగింది. గ్లవ్ నేలకి ఆనించి పట్టాడు.

"ఇప్పుడు ఇది."

పిల్ల కొత్త బంతి వంక చూసింది. "ఎక్కడిది నాన్నా?"

"ఎక్కడిదో ఒకచోటిది. వెయ్యి."

వేసింది. తిన్నగా అతని గుండెల మీదికి వచ్చింది. ఇంకొకటి, ఇంకొకటి. పన్నెండు వేసింది. ఒక్కటీ దిగలేదు. పదమూడో దానికి చెయ్యి తిప్పబోయి ఆపేసి, "అలిసిపోయాను," అంది. ఆ పిల్ల నూటయాభై వేసినా ఆ మాట అనదు.

"సరే, చాలు," అన్నాడు అతను. గ్లవ్ తీసి చంకలో పెట్టుకుని షెడ్డులోకి వచ్చేశాడు. నెల రోజులు చాలు అనుకున్నాడు. కొత్త బంతులు ఎక్కడైనా సంపాదించి రోజుకి రెండు వందలు వేయిస్తే వేళ్ళు మళ్ళీ నేర్చుకుంటాయి. బేకరీ ఆయన కాగితం ఆఫీసుకి వెళితే ఆ నెల దొరుకుతుంది. కుట్టు సంగతి తనకీ తన బొటనవేలికీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలియాల్సిన పనేముంది? పెద్దవాళ్ళు చేస్తే తెలివి, మనం చేస్తే తప్పూనా? ఈ మాట రాత్రి దాకా మనసులో తిప్పుకున్నాడు. ఎన్నిసార్లు తిప్పినా అది తిన్నగానే వచ్చింది, ఎక్కడా దిగలేదు.

ఆదివారం పొద్దున్న భార్యకి చెప్పేశాడు. చెప్పాలని కాదు. ఆవిడ అతని పిగిలిన జేబు కుడుతూ, "ఇందులో ఏం కుక్కారు, గుమ్మడికాయా?" అని అడిగింది. అబద్ధం ఆడటానికి టైము చాలక నిజం వచ్చేసింది.

ఆవిడ సూది ఆపి అంతా విన్నది.

"ఆ మేడం గారివి మా లాండ్రీకి రెండే జతలు వస్తాయి," అంది చివరికి. "ట్రాక్ ప్యాంట్లు. ఒకదానికి మోకాలి దగ్గర లోపల్నుంచి అతుకు. ఇస్త్రీ చేసేదాన్ని, నాకు తెలుసు. సిమెంటు బస్తాలు దిగే ఇంట్లో ప్యాంటుకి అతుకులు వేసుకోరండీ."

"మేడ మీద గది వేస్తోంది కదా?"

"రేకులు వేస్తోంది. వాళ్ళమ్మకి మంచం వేయడానికి."

"నీకు ముందే తెలిస్తే చెప్పొద్దా?"

"మీరు అడిగారా? అరిచొచ్చారు." దారం పంటితో తెంపింది. "ఆ కాగితం వల్ల మన పిల్లకి నెల దొరుకుతుంది. బాగానే ఉంది. ఆవిడకి ఏం దొరుకుతుందో కూడా ఆలోచించండి."

బేకరీలో ఆదివారం రద్దీ. మేస్త్రి గాజుపెట్టె పక్కన పావుగంట నిలబడ్డాడు. రద్దీ తగ్గాక, తన పేరు కొట్టేయమన్నాడు.

"ఏమన్నావు?"

"నేను చూడలేదు. కోపంలో అన్నాను. పిల్లకి బంతి పడకపోవడం నా వల్ల." కుట్టు గురించి చెప్పబోయాడు. దారం, రెండు పేటలు, గట్టు. చెప్పేకొద్దీ తనకే పిచ్చిమాటల్లా వినిపించాయి.

బేకరీ ఆయన ట్రేలు సర్దుతూ విని నవ్వాడు. "దారం లావైందని సెలక్షన్ పోయిందా! కథ బాగుంది. ఎంత ముట్టింది మేస్త్రీ? రాత్రికి రాత్రి ఎవరు వచ్చారు మీ ఇంటికి, సిమెంటాయనా, మేడమా?"

కౌంటరు దగ్గర ఇద్దరు తిరిగి చూశారు. చూడకుండా ఎలా అంటారు అని మేస్త్రి అడగబోయాడు. అడిగే మొహం తనకి లేదని తోచింది.

"పేరు కొట్టెయ్యండి," అన్నాడు మళ్ళీ.

"టైపు కాగితం, కొట్టివేతలు కుదరవు. కావాలంటే నువ్వే ఇంకో కాగితం రాసిచ్చుకో పో. రాయడం వచ్చుగా?"

రాయడం రాదు. అంటే వచ్చు, గోడ మీద "ఇచ్చట సీట్లు కుట్టబడును" అని రాసేటంత వచ్చు. సాయంత్రం అతను కూతుర్ని షెడ్డుకి రమ్మన్నాడు, రూళ్ళ కాగితం, పెన్ను తెమ్మన్నాడు. రెక్సిన్ తుంటలు పక్కకి నెట్టి బల్ల ఖాళీ చేశాడు. పిల్ల స్టూలు మీద కూర్చుంది. అతను నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరో ఆఫీసరు ఎదురుగా ఉన్నట్టు గోడకేసి చూస్తూ చెప్పాడు.

"ఆఫీసరు గారికి. నేను శుక్రవారం మైదానంలో కోచ్ మేడం గారిని అన్న మాట అబద్ధం. నేను సిమెంటు బస్తాలు చూడలేదు. రాశావా?"

"రాశాను."

"మా అమ్మాయికి బంతి పడలేదు. అందులో మేడం గారి తప్పు లేదు. పాత బంతులు నేను లావు దారంతో కుట్టాను. అమ్మాయి వాటితోనే నేర్చుకుంది. కొత్త బంతి ఆమె చేతికి అలవాటు లేదు. ఈ సంగతి నాకు నిన్ననే తెలిసింది, అమ్మాయికి తెలియదు. అందుకని బేకరీ వారు ఇచ్చే కాగితంలో నా సంతకం చెల్లదు."

పెన్ను ఆగింది. ఒక్కసారి అతని వైపు చూసి, పిల్ల మళ్ళీ తల వంచింది. అతను చెప్పడం అయిపోయినా ఇంకా రాస్తూనే ఉంది.

"ఇది ఇస్తే మళ్ళీ సెలక్షన్ ఉండదు తల్లీ," అన్నాడు. "తెలుసుగా? వచ్చే ఏడాది దాకా."

"తెలుసు."

కాగితం ఇటు తిప్పింది. చదవకుండా సంతకం పెట్టకూడదని శుక్రవారం కాగితంతో నేర్చుకున్నాడు. వేలు కింద పెట్టుకుని, ఒక్కో మాటా పెదవులతో పలుకుతూ చదివాడు. పిల్ల అక్షరాలు గుండ్రంగా, తేలిగ్గా ఉన్నాయి. 'ఈ సంగతి నాకు నిన్ననే తెలిసింది' దాకా వచ్చాడు. తర్వాత తను చెప్పిన మాట లేదు. దాని చోట ఇలా ఉంది: 'మా అమ్మాయికి రెండు నెలల కిందటే తెలుసు. మేడం గారి బీరువాలో కొత్త బంతి తీసి ఎవరూ లేనప్పుడు వేసి చూసింది. పడలేదు. ఎవరికీ చెప్పలేదు.'

అతను వేలు తియ్యలేదు. ఆ నాలుగు మాటలూ ఇంకోసారి చదివాడు.

"ఏంటిది?"

"నిజం రాయిస్తున్నావు కదా."

"తెలిసి రెండు నెలలు... నాకు ఎందుకు చెప్పలేదే? కొత్త బంతులు తెచ్చేవాణ్ణిగా! కాళ్ళావేళ్ళా పడైనా తెచ్చేవాణ్ణి! ఇంత తెలివితక్కువదానివా, రెండేళ్ళు ఎండలో వానలో—"

పిల్ల పెన్ను మూత పెట్టింది, తీసింది, పెట్టింది.

"కొత్తవి తెస్తే నువ్వు కుట్టవు," అంది.

"కుట్టకపోతే ఏం? ఆ పీడ వదిలేదిగా!"

"కుట్టేటప్పుడు మామూలుగా మాట్లాడతావు నాన్నా." ఆ పిల్ల అతని మొహంలోకి కాదు, బల్ల అంచుకేసి చూస్తూ అంది. "నీ చిన్నప్పటివి చెప్తావు. నవ్వుతావు. మిగతా అప్పుడంతా ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంటావు."

"ఎవరిని తిట్టానే నేను!" అన్నాడు.

ఆ గొంతు రేకుల కప్పుకి తగిలి అతనికే తిరిగి వినిపించింది. బయట పంక్చర్లు వేసేవాడు తల ఎత్తి చూసి, మామూలే అన్నట్టు మళ్ళీ పనిలో పడ్డాడు. పిల్ల కూడా బెదరలేదు. తలకాయ కొంచెం భుజాల్లోకి వంచి ఊరుకుంది. వాన వస్తే వంచినట్టు అలవాటుగా వంచింది. ఆ వంపు రెండేళ్ళుగా రోజూ ఎదురుగా కూర్చుని చూసిన పిల్లలో అతను ఎప్పుడూ చూడలేదు.

మేస్త్రి స్టూలు కోసం చేత్తో తడుముకున్నాడు. స్టూలు మీద పిల్ల ఉంది. మూల పడేసిన పాత సీటు మీద కూలబడ్డాడు.

పిల్ల కాగితం తన వైపు తిప్పుకుని అంది, "ఆ లైను కొట్టేసి వేరే కాగితం రాయనా?"

"వద్దు."

"మేడం నన్ను తిడుతుంది."

"తిట్టనీ. నన్నూ తిడుతుంది. ఇద్దరం కలిసే పడదాం." పెన్ను తీసుకున్నాడు. ఆ మాటల కింద సంతకం పెట్టాడు. శుక్రవారం పెట్టినదాని కంటే వంకరగా వచ్చింది.

సోమవారం పొద్దున్న ఆరింటికి ఇద్దరూ మైదానానికి వెళ్ళారు. కోచ్ మేడం ఒక్కతే సున్నం డబ్బా వంచి పిచ్చర్ నిలబడే గుండ్రం గీస్తోంది. కాగితం నిలబడే చదివింది. చివరికి వచ్చాక మళ్ళీ ఒకచోటికి వెనక్కి వెళ్ళి చదివింది. అక్కడ ఆగి పిల్ల వైపు చూసింది. మేస్త్రి వైపు చూడలేదు.

"క్షమించమని అడగడానికి మొహం చెల్లక—" అన్నాడు అతను.

"అడగొద్దు. ఇంకా నాకు అంత మనసు రాలేదు," అంది. "మా అమ్మ విన్నది ఆ మాట. పక్కింటివాళ్ళు వచ్చి చెప్పారు. రెండ్రోజులుగా అన్నం దగ్గర కూర్చుని, 'నిజం చెప్పు, నా గది కోసమేనా?' అని అడుగుతోంది." కాగితం నాలుగు మడతలు పెట్టింది. "పదకొండింటికి ఆఫీసుకి నేనే తీసుకెళతాను. మీరూ రండి. ఈ మాట అక్కడ నోటితో కూడా చెప్పాలి. అంతమందిలో."

"చెప్తాను."

"లిస్టులో మార్పేమీ ఉండదు."

"ఉండదని తెలుసండీ."

ఆవిడ సంచిలోంచి ఒక కొత్త బంతి తీసి పిల్లకి విసిరింది. "వేళ్ళు కుట్టుకి అడ్డంగా పెట్టడం మర్చిపో. మొదటి నుంచి మొదలెట్టాలి. ఏడాది పట్టొచ్చు."

పట్టడానికి ఇంకెవరూ రాలేదు. మేస్త్రి, బ్యాటు పట్టేవాళ్ళు నిలబడే ప్లేటు వెనక, గొంతుక్కూర్చున్నాడు. గ్లవ్ పట్టిన చెయ్యి మోకాలి మీద ఆనించుకున్నాడు. పిల్ల సున్నపు గుండ్రంలో నిలబడి వేళ్ళు సర్దుకుంది. చెయ్యి తిరిగింది. బంతి తిన్నగా, నడుమెత్తున, ఎక్కడా దిగకుండా వచ్చి గ్లవ్‌లో పడింది.

"ఎలా ఉంది నాన్నా?"

బ్రహ్మాండం అనడం అతనికి నాలుక చివరే ఉంటుంది. కొత్త బంతిది తప్పు అనడమూ అక్కడే ఉంటుంది.

"దిగలేదు," అన్నాడు మామూలు గొంతుతో. బంతి తిరిగి విసిరాడు.

పిల్ల ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత తల ఊపి, ఇంకోటి వేయడానికి వెనక్కి అడుగేసింది.